ధవళేశ్వరం దిగువన గేలం వేట: డిసెంబరులో బొచ్చె, వాలుగల కోసం ఎక్కడ దిగాలి?

తణుకు_బుల్లోడు | నవంబరు 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఊరు తణుకు, ఉద్యోగం హైదరాబాదులో. డిసెంబరులో ఓ వారాంతం నేను, మా బావ, మా మావయ్యగారు గోదావరి మీద గేలాలు వేద్దామని అనుకుంటున్నాం. కార్తీకం వెళ్లేదాకా మావయ్యగారు చేప ముట్టరు కాబట్టి డిసెంబరు.

నేనూ బావా ఇప్పటిదాకా వేసింది హైదరాబాదు చుట్టుపక్కల డబ్బు కట్టి వేసే చెరువుల్లోనే. అక్కడ చేప పడుతుంది, సరదా పడదు. మావయ్యగారు చిన్నప్పుడు కాలవ గట్టు మీద వెదురు కర్రతో పట్టినవారు. మా రాడ్డూ రీలూ చూస్తే ఆయనకి నవ్వు.

ధవళేశ్వరం బ్యారేజీ కిందే, గేట్లకి దగ్గరగా రాళ్ల మీద కూర్చుంటే పగలు బొచ్చె, శీలావతి, చీకటి పడ్డాక వాలుగ పడతాయని వీడియోల్లో చూశాం. ఎక్కడ దిగాలి, ఏ ఎర వాడాలి, ఎవరిని అడగాలి, పడవ కావాలా? తెలిసినవాళ్లు చెప్పగలరు. పులస సంగతి అడగట్లేదండోయ్, దాని సీజనూ కాదు, మన జేబూ కాదు.

పుంజు | నవంబరు 9, రాత్రి 10:05

రైలు ఖర్చు, రాడ్డు ఖర్చు, రూము ఖర్చు కలిపితే రాజమండ్రి మార్కెట్లో బుట్టెడు బొచ్చెలు వస్తాయి బ్రో. ముల్లు తీసి ముక్కలు కూడా కొట్టిస్తారు.

లస్కరు_రిటైర్డు | నవంబరు 10, ఉదయం 6:15

బాబూ, ముందు ఆ గేట్ల కింద రాళ్ల మాట మర్చిపోండి. నేను ఆ బ్యారేజీ మీద పనిచేసి దిగినవాణ్ణి, అందుకే చెబుతున్నా.

బ్యారేజీ అంటే ఒక గోడ అనుకుంటారు. కాదు, మధ్యలో లంకలు పెట్టుకుని నాలుగు భాగాలు. తూర్పు నుంచి ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మొత్తం 175. మొదటి రెండింటి నీళ్లు గౌతమిలోకి, తర్వాత రెండింటివి వశిష్ఠలోకి. మీరు గౌతమి ఒడ్డున కూర్చుంటే విజ్జేశ్వరంలో గేటు ఎత్తినా మీకేం కాదు. ధవళేశ్వరంలో రెండు గేట్లు అడుగెత్తు లేపితే మాత్రం మీ కాళ్ల కిందకి వస్తుంది.

డిసెంబరు వచ్చేసరికి వరద ఉండదు, గేట్లన్నీ దాదాపు దించే ఉంటాయి. నీటిని పైన నిలబెట్టి మూడు డెల్టాల కాలవలకీ ఇవ్వాలి కదా. అయినా పైనుంచి కాస్త ఎక్కువ వచ్చిందంటే ఆ మిగులు కిందకి వదలాల్సిందే. అది రాత్రి రెండింటికైనా కావచ్చు. రాళ్ల మీద టార్చిలైటు పెట్టుకుని కూర్చున్న ఒక్కొక్కడి దగ్గరికీ వచ్చి చెప్పే మనుషులుండరు. గేటు కింద కాంక్రీటు పరుపంతా నాచు. దాని చివర రాళ్ల సందుల్లో నీళ్లు గిర్రున తిరుగుతాయి. పైకి చూస్తే మోకాలి లోతే. చేప కోసం వంగినవాడు జారాడంటే ఆ సందుల్లోకే.

ఎలాగూ స్టాఫో పోలీసులో పంపించేస్తారు, ఆ ప్రయాస ఎందుకు? బ్యారేజీ మీద రోడ్డున్నది, కాటన్ మ్యూజియం ఉన్నది, మావయ్యగారికి చూపించండి. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట కథంతా అక్కడ ఉంది. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. గేలం మాత్రం కనీసం పది పన్నెండు కిలోమీటర్లు దిగువకెళ్లి వేయండి.

గేలం_గోదారి | నవంబరు 10, ఉదయం 8:30

లస్కరు గారి మాటకి నేను తోడు. పైగా చేప కూడా బ్యారేజీ దగ్గర ఉంటుందన్నది వరదల్లో మాట. ఎదురెక్కి వచ్చిన చేప ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఆ పేరొచ్చింది. డిసెంబరులో పారకం తగ్గాక చేపంతా లోతైన మడుగుల్లోకి దిగిపోతుంది. మీరు వెతకాల్సింది మడుగుని.

రాజమండ్రిలో దిగి ఆటోలో వస్తే గౌతమి ఎడమ గట్టు పట్టుకుని కడియపులంక దాటి జొన్నాడ వంతెన దిగువకి వెళ్లొచ్చు. ఇంకా కిందకి కపిలేశ్వరపురం, కోటిపల్లి. సొంత కారైతే ఇదే దారిలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. నన్నడిగితే మొదటి రోజు జొన్నాడ దిగువ, రెండో రోజు కోటిపల్లికి ఎగువన.

మడుగుని గుర్తుపట్టడం ఇలా: పాయ వంపు తిరిగేచోట బయటి గట్టు కోసుకుపోయి నిటారుగా ఉంటుంది, నీళ్లు అక్కడ ముదురు రంగులో కనిపిస్తాయి. లోపలి వైపు ఇసుక పరుచుకుని ఉంటుంది. నిటారు గట్టు దగ్గరే లోతు. గట్టు మీద చెట్టు వేళ్లు నీళ్లలోకి దిగి ఉంటే ఇంకేం కావాలి, వాలుగ ఇల్లు అదే.

సామాను: బొచ్చెకి, శీలావతికి ఆరో నంబరు ముల్లు, నాలుగో నంబరు ముల్లు చాలు. తంగూసు పదిహేను ఇరవై పౌండ్లది. వాలుగకి పెద్ద ముల్లు, ముల్లు ముందర జానెడు స్టీలు తీగ తప్పనిసరి. దాని నోట్లో పళ్లు ఆకురాయిలాగా ఉంటాయి, ఉత్త తంగూసుని రెండు నిమిషాల్లో అరగదీస్తుంది.

తణుకు_బుల్లోడు | నవంబరు 10, మధ్యాహ్నం 1:20

లస్కరు గారూ, గోదారి గారూ, చాలా థాంక్సండి. రాళ్ల ప్లాను కొట్టేశాం. బావ కాస్త డీలా పడ్డాడు, వాడికి ఆ వీడియో మీదే మనసు.

ఎర గురించి చెప్పండి. చెరువుల్లో మేం బ్రెడ్డు, గోధుమపిండి ముద్ద వాడతాం. నదిలో పనిచేస్తుందా?

కైకలూరు_చెరువు | నవంబరు 10, మధ్యాహ్నం 3:05

మాది చేపల చెరువుల వ్యాపారం. మా దగ్గర చేపకి మేత అంటే డీఓబీ (నూనె తీసిన తవుడు), వేరుశెనగ చెక్క. సంచులకి చిల్లులు పెట్టి, ఆ మేత నింపి, చెరువులో వెదుళ్లకి కడతాం. చేప వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటుంది. వరదకి గట్లు తెగినప్పుడు చెరువుల్లోని చేప నదిలో కలుస్తుంది, అది కాక మత్స్యశాఖ వదిలే పిల్లలు ఎలాగూ ఉంటాయి. కాబట్టి గోదావరిలో మీకు పడే బొచ్చెల్లో చాలావాటికి డీఓబీ వాసన కొత్త కాదు.

మీరూ అదే పద్ధతి చిన్నగా చేయండి. పాత ఉల్లిపాయల సంచి, అందులో రెండు కిలోల డీఓబీ, అర కిలో నానబెట్టిన చెక్క, బరువుకి ఒక రాయి. గేలం వేసేచోటుకి రెండు గజాలు ఎగువన ముంచండి. సాయంత్రం సంచి ముంచి, పొద్దున గేలం వేయడం ఉత్తమం.

ముల్లుకి గుచ్చే ముద్దకి: తవుడు రెండు పాళ్లు, మైదా ఒక పాలు, వేయించి దంచిన వేరుశెనగ చెక్క ఒక పాలు. నీళ్లు చెంచాడు చెంచాడుగా పోసి పిసకండి. ముద్దని నీళ్ల గ్లాసులో వేస్తే ఐదు నిమిషాలు ముద్దగా ఉండి, ఆ తర్వాత అంచులు పొట్టులా రాలడం మొదలవ్వాలి. వెంటనే విడిపోతే మైదా పెంచండి, పది నిమిషాలైనా గుండులాగే ఉంటే తవుడు పెంచండి.

గేలం_గోదారి | నవంబరు 10, సాయంత్రం 6:50

పైన చెప్పిన ముద్ద బంగారం. ఒక్కటే కలుపుతాను: లోతు. బొచ్చె మూతి పైకి తిరిగి ఉంటుంది, అది నీటి పైభాగంలో తినే చేప. శీలావతి మధ్యలో. ఎర్రమోసు, బంగారుతీగ అడుగున బురదలో. అందుకని బెండుని తంగూసు మీద జరుపుకునేలా కట్టండి. పొద్దున్నే పైపైన నాలుగు అడుగుల లోతులో వేసి చూసి, పలక్కపోతే దింపుకుంటూ పోండి. అడుగుకి ఆనిస్తే ఎర్రమోసైనా పలుకుతుంది.

చలికాలం ఇంకో సంగతి. ఐదింటికి లేచి వణుక్కుంటూ వెళ్లక్కర్లేదు. ఈ చేపలకి నీళ్లు చల్లబడితే ఆకలి మందగిస్తుంది. ఎండెక్కాక, తొమ్మిది నుంచి పన్నెండు, మళ్లీ మూడు నుంచి చీకటి పడేదాకా. మంచు దిగి ఉన్నప్పుడు ఇంట్లో ఇడ్లీ తినండి.

లంక_రైతు | నవంబరు 10, రాత్రి 8:45

మాది కపిలేశ్వరపురం దగ్గర లంక. గేలాల వాళ్లు ఏటా వస్తారు, నాకు అభ్యంతరం లేదు. మూడు సంగతులు మాత్రం చెప్పాలి.

లంకలో ఖాళీగా కనిపించే నేల ఖాళీ కాదు. డిసెంబరులో పొగాకు, మొక్కజొన్న, కూరగాయల మొక్కలు చిన్నవి ఉంటాయి. మొక్కల మధ్యలోంచి అడ్డదారిన నడిచి వెళ్లకండి, గట్టు దారి అడిగితే మేమే చూపిస్తాం.

ఇసుక తవ్విన గోతులు ఎక్కడున్నాయో మాకే ఒక్కోసారి తెలియదు. మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగు వేస్తే నిలువు లోతు. ఇసుక అంచు కాలి కింద జారిపోతుంది, ఈత వచ్చినవాడికీ పట్టు దొరకదు. చేప గేలానికి పడి అవతలకి లాగినా, రాడ్డు జారి నీళ్లలో పడినా, వెనకాల దిగొద్దు. మా దగ్గర పోయినవాళ్లలో ఈత వచ్చినవాళ్లే ఎక్కువ.

మూడోది, రాత్రి లంకలో పడుకుంటామనే వాళ్లకి. పందులు తిరుగుతాయి, పాములుంటాయి, పొద్దున్న మంచుకి పది గజాల అవతల మనిషి కనపడడు. అవసరమా?

తణుకు_బుల్లోడు | నవంబరు 11, ఉదయం 10:10

రైతు గారూ, అర్థమైందండి. వాలుగ రాత్రిళ్లే పడుతుందంటారు కదా, మరి చీకటి పడ్డాక ఒక గంట గట్టు మీదే ఉంటే?

గేలం_గోదారి | నవంబరు 11, ఉదయం 11:00

గంట చాలు. వాలుగ బాగా తినేది సూర్యుడు దిగిన మొదటి గంటలోనే. ఎర కోడి లివరు లేదా కోడి పేగులు, దారంతో ముల్లుకి రెండు చుట్లు చుట్టండి, లేకపోతే విసరగానే ఊడిపోతుంది. కొందరు బతికున్న పరిగెలు, కప్పలు గుచ్చుతారు. పనిచేస్తుంది గానీ నాకు ఇష్టం ఉండదు.

పుంజు | నవంబరు 11, ఉదయం 11:20

చేపని ముల్లుకి గుచ్చి పట్టొచ్చు, కప్పని గుచ్చితే పాపమా గురువుగారూ?

గేలం_గోదారి | నవంబరు 11, ఉదయం 11:45

పాపం పుణ్యం నాకు తెలియదు పుంజూ, నచ్చదు అన్నాను. కోడి పేగులు ఇరవై రూపాయలకి సంచీడు ఇస్తున్నప్పుడు కప్పల వెంట పడడం దేనికి?

వల_వారసుడు | నవంబరు 11, సాయంత్రం 5:30

ఇంతమంది మాట్లాడారు, ఆ నది మీద బతికేవాళ్ల సంగతి ఎవరూ అనలేదు. మా ఇంట్లో మూడు తరాలుగా వలే.

మీరు సరదాకి వస్తారు, రండి. కానీ నదిలో నీళ్ల సీసాలో థర్మోకోల్ ముక్కలో తేలుతుంటే అది చెత్త అనుకోకండి, కింద వల ఉంది. దాని మీదుగా గేలం విసిరితే ముల్లు వలకి చిక్కుతుంది, మీరు లాగుతారు, వల కన్ను తెగుతుంది. ఒక వల బాగుచేసుకోవడానికి ఒక పూట పని పోతుంది. పొద్దున్న దిగేముందు అక్కడ పడవ మీద ఉన్నవాణ్ణి "వలలెక్కడ వేశారు బాబాయ్" అని అడగండి. చెయ్యి చూపిస్తాడు, అంతే.

అనుమతి అడిగారు. ఊళ్లో మత్స్యకార సహకార సంఘం ఉంటుంది, సంఘం పెద్దకి ఒక మాట చెప్పండి, మండలంలో మత్స్యశాఖ వాళ్లకి ఫోను చేయండి. పడవ కావాలంటే మావాళ్లనే అడగండి. ఇసుక పడవలు ఎక్కొద్దు. లైఫ్ జాకెట్టు లేకుండా ఏ పడవా ఎక్కొద్దు, మా పడవైనా సరే.

ఇంకోటి. బాంబులు, మందు, కరెంటు పెట్టి పట్టేవాడు ఎవడైనా కనిపిస్తే వీడియో తీసి సరదా పడకండి, చెప్పాల్సినవాళ్లకి చెప్పండి. పేలుడు సామానూ విషమూ 1897 నాటి చట్టం నుంచే నేరం. ఒకడు మందు కలిపితే ఆ మడుగులో పిల్ల చేపతో సహా పోతుంది, ఆ ఏడాదికి మా పొయ్యి మీద దెబ్బ.

తణుకు_బుల్లోడు | నవంబరు 11, రాత్రి 9:15

అన్నా, ఇది ఎవరూ చెప్పని మాట. తప్పకుండా అడిగే దిగుతాం. పడవ వద్దనుకుంటున్నాం, గట్టు మీదే కూర్చుంటాం.

కడియం_సిస్టర్ | నవంబరు 12, ఉదయం 7:40

ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి నా వంతు. గేలాల వాళ్లలో నా దగ్గరికి వచ్చేవాళ్లు రెండు రకాలు: ముల్లు వేలికి దిగినవాళ్లు, జెల్ల పొడిచినవాళ్లు.

జెల్లకి వీపు మీద ఒక ముల్లు, చెంపల పక్కన రెక్కలకి ఒక్కొక్కటి, మొత్తం మూడు. నీళ్లలోంచి బయటికి రాగానే మూడింటినీ బిగించి నిలబెడుతుంది. గుప్పిట్లో పట్టుకోకండి. వెనకనుంచి చెయ్యి తెచ్చి, పక్క ముళ్లు రెండూ వేళ్ల సందుల్లోకి వచ్చేలా, వీపు ముల్లు అరచేతికి తగలకుండా పట్టుకోవాలి. అలవాటు లేకపోతే తడిగుడ్డతో నొక్కిపట్టి, గేలం ముల్లుని పటకారుతో తీయండి. మరీ లోపలికి మింగేస్తే తంగూసు కోసేయండి.

ఇంగిలాయి పడితే ఇంకా జాగ్రత్త, దాని ముల్లులో విషం ఉంటుంది. పొడిస్తే చెయ్యంతా మంటెత్తిపోతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చోటుని ముంచి ఉంచండి, అరగంట పైనే. కాలిపోయేంత వేడి వద్దు, ముందు ఇంకో చేత్తో చూసుకోండి. నొప్పి తగ్గుతుంది. తర్వాత ఆసుపత్రికి వెళ్లి విరిగిన ముల్లు లోపల ఉందేమో చూపించుకుని టీటీ ఇంజెక్షను వేయించుకోండి. ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకెళ్లండి, టీకీ పనికొస్తుంది. పసుపు, సున్నం, పెట్రోలు రుద్దుకుని వచ్చేవాళ్లని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

తణుకు_బుల్లోడు | నవంబరు 12, ఉదయం 9:00

సిస్టర్ గారూ, మావయ్యగారికి చదివి వినిపించాను. "జెల్లని పట్టుకోవడం నాకు నేర్పుతున్నారా" అన్నారు. ఫ్లాస్కు మాత్రం సర్దుతున్నారు.

లస్కరు_రిటైర్డు | డిసెంబరు 4, సాయంత్రం 6:20

బాబూ, మీరు వచ్చేది ఈ వారమే కదా. మీరు ఎక్కడ కూర్చున్నా ఒక పని చేయండి. దిగగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి, సరిగ్గా నీళ్లు తాకేచోట. పది నిమిషాలకోసారి దాన్ని చూడండి. నీళ్లు పుల్లని దాటి రెండు వేళ్లు ఎక్కితే కారణం ఆలోచించడం తర్వాత, ముందు సామాను గట్టు మీదకి ఎక్కించండి. నురగ రావడం, గుర్రపుడెక్క ముక్కలు కొట్టుకురావడం, తేట నీళ్లు మసకబారడం, ఇవి కనిపిస్తే పుల్ల కూడా చూడక్కర్లేదు.

వానాకాలం వద్దామనుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక అంటేనే పది లక్షల క్యూసెక్కుల మాట. ఆ రోజుల్లో గేలం అటక మీద ఉండాలి. పైగా బొచ్చె, శీలావతి గుడ్లు పెట్టేది ఆ వరద నీళ్లలోనే, అప్పుడు పట్టకపోవడమే మంచిది.

యానాం_పంతులు | డిసెంబరు 4, రాత్రి 8:00

లస్కరు గారి పుల్లకి నాదొక సవరణ. కోటిపల్లి వైపు వెళ్తే నీళ్లు ఎక్కినప్పుడల్లా గేటే అనుకోనక్కర్లేదు. బ్యారేజీ నుంచి నీళ్లు లేనప్పుడు సముద్రం పోటు గౌతమిలో చాలా పైకి వస్తుంది. అమావాస్యకీ పున్నమికీ పోట్లు పెద్దవి, అష్టమి నవమికి చిన్నవి. పంచాంగం చూసుకుని రండి. మరీ కిందకి, మా యానాం, ఎదుర్లంక దాకా వస్తే నీళ్లు ఉప్పు తిరుగుతాయి, అక్కడ బొచ్చెకి బదులు పండుగప్ప కోసం వేయాలి. అది వేరే సామాను, వేరే కథ.

తణుకు_బుల్లోడు | డిసెంబరు 16, రాత్రి 10:30

వెళ్లొచ్చాం. కాస్త వివరంగా రాస్తున్నా, అడిగినవాళ్లున్నారు.

మొదటి రోజు జొన్నాడ దిగువ. మంచు ఎనిమిదిన్నరకి గానీ విడలేదు. ముందురోజు సాయంత్రమే బావ వచ్చి సంచి ముంచి వెళ్లాడు. పడవ మీద ఒకాయన్ని వలల గురించి అడిగితే, మేం కూర్చుందామనుకున్న చోటు ఎదురుగానే వల ఉందని చెప్పి, యాభై గజాలు దిగువకి జరగమన్నాడు. అలాగే జరిగాం.

తొమ్మిదిన్నర దాకా బెండు కదల్లేదు. ఆ తర్వాత చూశాను, ఒక్కో చేప బెండుని ఒక్కోలా ఆడిస్తుంది. ఎర్రమోసు పట్టుకుంటే బెండు రెండుసార్లు తల ఊపి, వాలుగా పక్కకి జారుకుంటూ మెల్లగా మునుగుతుంది. బొచ్చె దగ్గర మాత్రం బెండు మునగలేదు, నిలబడ్డది కాస్తా నీళ్ల మీద అడ్డంగా పడుకుంది. అది ఎరతో పైకి లేచిందన్నమాట. బావ తెగింది అనుకుని చుట్టడం మొదలెట్టాడు, అవతల బరువు. రీలు గుయ్యిమంది. వీపు నల్లగా, పొట్ట తెల్లగా, తల శరీరంలో మూడో వంతు ఉన్న బొచ్చె. మూడు కిలోల పైమాటే. చెరువు చేపకీ దీనికీ తేడా ఏమిటో చెయ్యికి తెలిసింది.

మావయ్యగారు మా పక్కనే వెదురు కర్ర, ఎర్రలు పెట్టుకుని కూర్చున్నారు. ఆయనకి జెల్లలు ఒకదాని వెనక ఒకటి. సిస్టర్ గారు చెప్పినట్టే పట్టుకున్నారు, చెప్పకముందు నుంచీ అలాగే పట్టుకునేవారట. మధ్యాహ్నానికి మా ఇద్దరి చేపల కంటే ఆయన బుట్ట బరువు.

సాయంత్రం లివరుతో వాలుగ కోసం వేశాం. చీకటి పడుతుండగా బావ గేలానికి పడింది. చెయ్యంత పొడవు, పొలుసు లేని ఒళ్లు, ఆ నోరు చూస్తే దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు. స్టీలు తీగ లేకపోతే దక్కేది కాదు. ఫొటో తీసి వదిలేశాం. బావ వదలనన్నాడు గానీ, ఇది వల్నరబుల్, అంటే అంతరించే ముప్పున్న జాబితాలో ఉన్న చేప అని నేను ఫోనులో చూపించాను.

రెండో రోజు కోటిపల్లికి ఎగువన. పుల్ల గుచ్చాం. పదకొండింటికి నాలుగు వేళ్లు ఎక్కింది. లస్కరు గారు చెప్పినట్టు అన్నీ సర్దుకుని గట్టెక్కేశాం. గంటకి ఇంకో రెండు వేళ్లు. ఆ రోజుకి అక్కడితో ముగించాం. అది గేటా, పోటా?

పుంజు | డిసెంబరు 16, రాత్రి 10:50

వాలుగని వదిలేశారా!! వాలుగ పులుసు అంటే మా ఊళ్లో ఆస్తి రాసిచ్చేస్తారు.

వల_వారసుడు | డిసెంబరు 17, ఉదయం 6:30

వదిలింది మా వలకి పడుతుందిలే, నువ్వేం బెంగపడకు. బుల్లోడు అన్నా, అడిగి జరిగినందుకు సంతోషం.

నా మాట ఒకటుంది. చెయ్యంత వాలుగ గుడ్లు పెట్టే వయసుదే కావచ్చు, దాన్ని వదలడం మంచిదే. కానీ వలకి పడ్డదాన్ని మేం వదల్లేం, అది మాకు కూలి. సరదా గేలం వాళ్లు వదిలితే చాలు, మమ్మల్ని వదలమని చెప్పొద్దు.

తణుకు_బుల్లోడు | డిసెంబరు 17, ఉదయం 8:15

చెప్పను అన్నా. ఆ మాట అనే హక్కు నాకెక్కడిది?

లస్కరు_రిటైర్డు | డిసెంబరు 17, ఉదయం 9:00

గేటా పోటా అని అడిగారు. నీళ్లు ఎక్కుతున్నప్పుడు పారకం ఎటు ఉంది? పెరిగిందా, ఆగిందా?

తణుకు_బుల్లోడు | డిసెంబరు 17, ఉదయం 9:40

పారకం ఆగిపోయినట్టుంది. బెండు ఒకచోటే నిలబడింది. తర్వాత చిన్నగా ఎగువ వైపు జరిగింది కూడా, గాలికేమో అనుకున్నాం. నురగ లేదు, డెక్క లేదు, నీళ్లు తేటగానే ఉన్నాయి.

యానాం_పంతులు | డిసెంబరు 17, ఉదయం 10:05

పోటే. గేటు నీళ్లయితే పారకం పెరుగుతుంది, చెత్త మోసుకొస్తుంది. పోటు నీళ్లు వెనక్కి నెట్టుకుంటూ నిశ్శబ్దంగా ఎక్కుతాయి. సుమారు ఆరు గంటలు ఎక్కి, మళ్లీ దిగుతాయి. మీరు సాయంత్రం దాకా ఉండి ఉంటే పుల్ల మళ్లీ పొడిబారేది. దిగే పాటులో వేస్తే జెల్ల బాగా పడుతుంది కూడా.

లస్కరు_రిటైర్డు | డిసెంబరు 17, ఉదయం 10:30

పంతులు గారి మాట సరైనదే. అయినా గట్టెక్కడమే సరైన పని. పోటో గేటో తేల్చుకోవడానికి నీళ్లలో నిలబడక్కర్లేదు.

కైకలూరు_చెరువు | డిసెంబరు 17, మధ్యాహ్నం 12:15

మేత సంచి తీసేశారా, అక్కడే వదిలారా?

తణుకు_బుల్లోడు | డిసెంబరు 17, మధ్యాహ్నం 12:40

తీసేశామండి. రాయి అక్కడే వదిలి సంచి కారులో పడేసుకొచ్చాం. ఆ వాసనకి మా బావ కారుని ఇంకా ఎవరూ ఎక్కట్లేదు.

పుంజు | డిసెంబరు 17, మధ్యాహ్నం 1:05

సరే గానీ, సంక్రాంతికి మా ఊరొస్తున్నా, రావులపాలెం. రాడ్డు లేదు. వెదురు కర్ర ఎంత పొడవు కొట్టించాలో మావయ్యగారిని అడిగి చెప్పు బ్రో.

తణుకు_బుల్లోడు | డిసెంబరు 17, రాత్రి 8:20

అడిగాను. "తలకి మించి రెండు మూరలు, కొస చూపుడువేలంత సన్నం, పచ్చిది కొట్టి నీడన ఆరబెట్టాలి, ఎండలో పెడితే పగులుతుంది" అన్నారు. సంక్రాంతికి కావాలంటే ఈ వారమే కొట్టించు.